షుగర్, రక్తహీనతలకు తిండి కార్యక్రమం పెట్టాలంటే సర్కారు డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

అమ్మా, మీరు అడిగింది ఇదీ. తాండూరు దగ్గర ఒక మండలంలో మహిళా సమాఖ్యతో పనిచేస్తున్నారు. పల్లె దవాఖానలో ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు పరీక్షలు చేస్తుంటే ఇంటికొకరికి షుగరో బీపీయో బయటపడుతోంది, గర్భిణుల్లో సగం మందికి రక్తం తక్కువగా ఉంటోంది. మాత్రలు అందుతున్నాయి గానీ కంచంలో తిండి మారడం లేదు. జొన్నలు, కందిపప్పు, ఆకుకూరలతో ఒక కార్యక్రమం పెడదామంటే వైద్య శాఖ వాళ్లు తిండికి మా దగ్గర పద్దు లేదన్నారు, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లు షుగర్ మా పని కాదన్నారు. అసలు డబ్బు ఉందా, ఉంటే ఎవరిని అడగాలి, దానికి వేరే ఎన్జీఓ రిజిస్టర్ చేయించుకోవాలా అని మీ సందేహం.

నేను ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేరి ప్రాజెక్టు అధికారిగా (సీడీపీఓ) రిటైరయ్యాను. మీకు జవాబు చెప్పిన ఆ ఇద్దరు అధికారులూ తప్పించుకోవడానికి అన్నది కాదు, వాళ్ల పద్దుల్లో ఉన్నదే చెప్పారు. మన దగ్గర జబ్బు పద్దులో తిండి లేదు, తిండి పద్దులో జబ్బు లేదు. ఈ సంగతి ముందే తెలిస్తే దరఖాస్తు ఎక్కడ పెట్టాలో, అందులో ఏం రాయాలో తేలిపోతుంది.

షుగర్, బీపీ, గుండె జబ్బులు, క్యాన్సర్ల కోసం కేంద్రం 2010లో ఎన్‌పీసీడీసీఎస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2023లో దాని పేరు ఎన్‌పీ-ఎన్‌సీడీ అయింది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద నడుస్తుంది, ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40. ఆ డబ్బు పరీక్షలకు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులకు, మందులకు, ఎన్‌సీడీ క్లినిక్ సిబ్బందికి, పోస్టర్లకు పోతుంది. తిండి విషయానికొస్తే సలహా దగ్గరే ఆగుతుంది. 'అన్నం తగ్గించు, రొట్టె తిను, కూరగాయలు ఎక్కువ తిను' అని చెప్పి పంపుతారు. రేషన్ బియ్యం మీద బతికే కూలి మనిషి ఆ సలహాను ఏ డబ్బుతో పాటించాలన్న ప్రశ్నకు ఆ పద్దులో జవాబు లేదు.

ఇక తిండి పద్దు. అన్నిటికన్నా పెద్దది రేషన్. 81.35 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచిత ధాన్యం, 2024 జనవరి 1 నుంచి ఐదేళ్ల పాటు. 2025-26 బడ్జెట్‌లో ఆహార సబ్సిడీ 2 లక్షల కోట్లు దాటింది. దాని పక్కన అంగన్‌వాడీలు, పోషణ్ 2.0కి పెట్టింది 21,960 కోట్లు, బడి భోజనానికి కేంద్రం పెట్టింది 12,500 కోట్లు. తిండి మీద ప్రభుత్వం పెట్టే రూపాయిలో చాలా భాగం బియ్యం, గోధుమల మీదే పోతోందన్నమాట. పప్పు, నూనె, గుడ్డు, పాలు, కూరగాయలు అన్నీ కలిపి మిగిలిన చిల్లరలో సర్దుకోవాలి. కరోనా ఏడాది 2020లో ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా కుటుంబానికి కిలో చొప్పున పప్పో శనగలో ఇచ్చారు. తలుచుకుంటే ఇవ్వగలమని తేలింది, తర్వాత ఆపేశారు.

ఈ లెక్కకూ మీ ఊరి షుగర్‌కూ నేరుగా సంబంధం ఉంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారు. అదే సర్వే వాళ్లు 2025లో తిండి లెక్క తీస్తే, మనవాళ్లకు అందే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని తేలింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన ఎన్‌ఐఎన్, 2024 మార్గదర్శకాల్లో దేశపు మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం తిండి సరిగ్గా లేకపోవడం వల్లేనని రాసింది. రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చి ఆకలి తీర్చింది, దాన్ని ఎవరూ చిన్నబుచ్చకూడదు. అయితే తాండూరు, జహీరాబాద్ పక్కల జొన్నరొట్టె, కందిపప్పు ఉన్న కంచంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది కూడా అప్పటినుంచే. 2025 ఉగాదికి మన రాష్ట్రం మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలుపెట్టింది. దొడ్డుబియ్యం అమ్ముకునే ఇళ్లు ఇప్పుడు వండుకు తింటున్నాయి, అది మంచిదే. ఆ అన్నంలోకి పప్పు ఎక్కడినుంచి రావాలన్నది మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు అంగన్‌వాడీ లెక్క విప్పి చూపిస్తాను, ఎందుకంటే మీరు అడగబోయేది ఇక్కడే. అనుబంధ పోషకాహారానికి కేంద్రం పెట్టిన రేటు రోజుకు పిల్లకు 8 రూపాయలు, గర్భిణికి బాలింతకు 9.50, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లకు 12. ఇవి 2017లో ఖరారైన రేట్లు. ఏడాదికి 300 రోజులు, అంటే నెలకు 25. ఇందులో సగం కేంద్రం, సగం రాష్ట్రం. గర్భిణి వంతు 9.50లో కేంద్రానిది 4.75. గుడ్డు ఒక్కటే బజారులో ఆరు ఏడు రూపాయలుంటే, ఆ డబ్బుతో పప్పు, కూర, నూనె, పాలు రమ్మంటే రావు. అందుకే మన రాష్ట్రం 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద తన జేబులోంచి అదనంగా వేసి రోజూ ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెడుతోంది. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి సంపూర్ణ పోషణ పేరుతో అలాగే వేసింది, 77 గిరిజన మండలాల్లో ఇంకొంచెం ఎక్కువ. కేంద్రం రేటు మీద రాష్ట్రం ఎంత వేస్తుందన్న దాన్ని బట్టే గర్భిణి కంచం మారుతుంది. కాబట్టి మీ ఎమ్మెల్యేను, జిల్లా పరిషత్‌ను మీరు అడగాల్సింది కొత్త పథకం కాదు, ఆ అదనపు వాటా.

రక్తహీనత సంగతి వేరు. దీనికి డబ్బు ఉంది, చాలా ఏళ్లుగా ఉంది. జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది, 2018లో అనీమియా ముక్త్ భారత్ అయింది. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తెలంగాణ చిన్నపిల్లల్లో 70 శాతం. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు. మానేసింది అడిగితే తప్ప చెప్పరు. 2022 డిసెంబర్‌లో తొమ్మిది జిల్లాల్లో న్యూట్రిషన్ కిట్ ఇచ్చినప్పుడు అందులో మీ వికారాబాద్ కూడా ఉంది. ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ పెట్టి గర్భిణికి రెండుసార్లు ఇచ్చేవారు. వైద్య శాఖ తన డబ్బుతో తిండి కొన్న అరుదైన సందర్భం అది. మీ దరఖాస్తులో దీన్ని తప్పకుండా ప్రస్తావించండి. తిండి మా పద్దు కాదన్న మాటకు మీ జిల్లాలోనే జవాబు ఉంది.

బలవర్ధక బియ్యం గురించి కూడా చెప్పాలి, డబ్బు పోయిన దారి అదీ కాబట్టి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, 2024 మార్చి కల్లా రేషన్, బడి, అంగన్‌వాడీ అన్నిట్లోకీ వచ్చింది. 2028 డిసెంబర్ దాకా పొడిగించడానికి 2024లో 17,082 కోట్లు మంజూరు చేశారు, మొత్తం కేంద్రానిదే. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజల్లా తీసి, మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. నేను కేంద్రాల్లో చూసింది ఏమిటంటే, ఆయమ్మ బియ్యం కడుగుతుంటే ఆ గింజలు కొన్ని పైకి తేలతాయి. రంగు కాస్త తేడా, ముట్టుకుంటే తేడా. 'ఇగో ప్లాస్టిక్ బియ్యం' అని తల్లులు చేటలో పోసుకుని ఒక్కొక్కటే ఏరి పారేసేవాళ్లు. ఏ గింజలో ఐరన్ ఉందో సరిగ్గా ఆ గింజే చెత్తలోకి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఇంట్లోకి వచ్చే బియ్యంలో ఏం కలిపారో ఎవరూ కూర్చుని చెప్పలేదు. మీ సమాఖ్య చేయగలిగిన పనుల్లో పైసా ఖర్చు లేనిది ఇదే. ఒక మీటింగ్‌లో మీ దగ్గరికి ఆ బియ్యం వస్తుంటే గుప్పెడు నీళ్లలో వేసి చూపించండి, వండి తినిపించండి. తలసేమియా లాంటి జబ్బులున్న ఇళ్లుంటే మాత్రం ముందు డాక్టర్‌ను అడగమనండి.

తిండి పెడితే జబ్బు తగ్గుతుందని రుజువుందా అని ఏ అధికారైనా అడుగుతారు. టీబీ విషయంలో గట్టి రుజువుంది. ఝార్ఖండ్‌లో చేసిన రేషన్స్ అనే అధ్యయనం 2023లో లాన్సెట్‌లో వచ్చింది. టీబీ రోగి ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. జబ్బు పేరు మీద తిండికి డబ్బిచ్చే పథకం మన దేశంలో నడుస్తున్నది కూడా టీబీకే. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500, 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడుతుంది. షుగర్‌కు అలాంటిది లేదు.

అమెరికాలో ఉంది. 2018 వ్యవసాయ బిల్లులో ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు పెట్టి గస్ షూమాకర్ పేరుతో ఒక కార్యక్రమం నడిపారు. అందులో ఒక భాగం కూరగాయల చీటీ. పేద రోగికి డాక్టర్ మందుల చీటీ రాసినట్టే పండ్లు, కూరగాయలకు చీటీ రాసిస్తారు, దాంతో దుకాణంలో తెచ్చుకుంటారు. అయితే అక్కడే షుగర్ బాగా ఎక్కువున్నవాళ్లకు కుటుంబమంతటికీ వారానికి పది పూటల సరుకులు ఇచ్చి చేసిన ఒక అధ్యయనం 2023 డిసెంబర్‌లో వచ్చింది. ఆరు నెలల తర్వాత, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) సరుకులు అందినవాళ్లకు 1.5, అందనివాళ్లకు 1.3 తగ్గింది. ఆ తేడాను తేడాగా లెక్కించలేమన్నారు. అందుకని మీకు గట్టిగా చెబుతున్నాను, దరఖాస్తులో 'ఆరు నెలల్లో షుగర్ తగ్గిస్తాం' అని రాయకండి. తిండి ఆగితే కంచం మళ్లీ పాత కంచమే అవుతుంది, అప్పుడు కార్యక్రమం విఫలమైందని ముద్ర వేస్తారు. 'ఇన్ని ఇళ్లలో వారానికి ఇన్ని పూటలు పప్పు, ఆకుకూర, జొన్న వండుతున్నారు' అని రాయండి. అది మీరు చూసి, లెక్కపెట్టి, నిలబడగలిగే మాట.

అయితే డబ్బు ఎక్కడ? మీ ఊళ్ల దగ్గర సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి మీకు అందరికీ లేని అవకాశం ఒకటుంది. అది జిల్లా ఖనిజ నిధి, డీఎంఎఫ్. 2015 నుంచి గని లీజుదారులు రాయల్టీ మీద అదనంగా కట్టే డబ్బు అది. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులకు 10 శాతం. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఖర్చు చేయాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, మహిళా శిశు సంక్షేమం అధిక ప్రాధాన్య రంగాలు. చాలా చోట్ల ఈ డబ్బు సీసీ రోడ్లకు, కమ్యూనిటీ హాళ్లకు పోతుంది, ఎందుకంటే గ్రామసభ నుంచి వచ్చే తీర్మానాలు అవే. ఒడిశాలో అలా కాలేదు. కేంఝర్ జిల్లాలో ఈ నిధితోనే అంగన్‌వాడీ పిల్లలకు రాగిలడ్డు పెట్టారు. అక్కడి మిల్లెట్స్ మిషన్ 2017లో మొదలైనప్పటి నుంచీ హైదరాబాద్ సంస్థ వాసన్ దానికి వెన్నుదన్నుగా ఉంది, కాబట్టి అడిగి తెలుసుకోవడం మీకు కష్టం కాదు. ముందు మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో కలెక్టరేట్‌లో చూసుకోండి. ఉంటే గ్రామసభలో తీర్మానం చేయించండి.

రెండోది బడి భోజనం. 2025 మే నుంచి వంట ఖర్చు ప్రైమరీ పిల్లకు 6.78, అప్పర్ ప్రైమరీకి 10.17, బియ్యం వేరుగా ఉచితం. నిబంధన ప్రకారం ప్రైమరీ పిల్లకు రోజూ 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పడాలి. కందిపప్పు కిలో 120 అనుకుంటే పప్పుకే 2.40 పోతుంది. బిల్లులు మూడు నాలుగు నెలలు ఆగితే వండే అక్కలు అప్పు తెచ్చి వండుతారు, అప్పుడు మొదట పలచబడేది పప్పే. నీళ్ల పప్పు చూసి వాళ్ల మీద కోప్పడేవాళ్లను చాలామందిని చూశాను, బిల్లు ఎప్పుడొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. రక్తహీనత ఎక్కువున్న జిల్లాల్లో అదనపు పోషకాలు ఇవ్వడానికి ఈ బడి భోజన పథకం పీఎం పోషణ్‌లోనే వీలుంది, అది జిల్లా విద్యాశాఖ ద్వారా అడగాలి. మీ మండలంలో సంక్షేమ హాస్టల్ గానీ గురుకులం గానీ ఉంటే అక్కడికీ వెళ్లండి. 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెరిగాయి, ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. మీ సమాఖ్య జొన్నపిండి, కందిపప్పు సరఫరా చేయగలిగితే కొత్త నిధి అక్కర్లేకుండానే పిల్లల కంచం మారుతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పక్కనున్న హాస్టల్ పిల్లలకు కూడా చేరాలన్నది నా కోరిక.

మూడోది చిన్నది. ప్రతి ఊళ్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ ఉంటుంది, ఏడాదికి 10,000 రూపాయల వరకు విడి నిధి. బ్లీచింగ్‌కే అయిపోతుంది చాలా చోట్ల. వంట ప్రదర్శనకు, విత్తనాలకు మాత్రం సరిపోతుంది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, అంటే సీఎస్ఆర్, కూడా అడగవచ్చు. 2013 కంపెనీల చట్టంలో ఆ ఖర్చుకు అర్హమైన వాటి జాబితాలో మొదటి అంశమే ఆకలి, పోషకాహార లోపం.

పెద్దవాళ్ల షుగర్‌కు నేరుగా తిండి పెట్టే పద్దు మీకు ఇవాళ దొరకదు. దానికి నాకు తెలిసిన దగ్గరి నమూనా జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) వాళ్లది. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో బీడు పడ్డ భూములు దున్నించి జొన్న వేయించారు. రైతులు అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తీర్చారు, ఆ జొన్నలను ఊళ్లోనే పేద ఇళ్లకు తక్కువ ధరకు పంచారు. ఎవరికి ఎంత ఇవ్వాలో సంఘం ఆడవాళ్లే తేల్చారు. ఊరిలోనే రేషన్ నడిచినట్టు. 2013 ఆహార భద్రతా చట్టంలో రేషన్‌గా ముతక ధాన్యం ఇవ్వడానికి చోటుంది, కాబట్టి బియ్యంలో కొంత భాగానికి జొన్న ఇవ్వమని మీ సమాఖ్య అడగడం చట్టానికి అవతల మాట కాదు. ఒక్క జాగ్రత్త: జొన్న ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దు. 1960ల్లో ఎన్‌ఐఎన్‌లో గోపాలన్ గారి బృందం పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు మీద పనిచేసింది జొన్నే ప్రధానంగా తినే పేదల్లోనే. రొట్టె పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి.

2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మారి శీతల పానీయాల మీద 40 శాతం పడింది, బిస్కెట్ల మీద మాత్రం 18 నుంచి 5కి తగ్గింది. ఊరి దుకాణంలో ఐదు రూపాయల బిస్కెట్ పొట్లంతో మీ జొన్నరొట్టె పోటీపడాలి. మీటింగుల్లో ఈ మాటా మాట్లాడండి.

ఇక రిజిస్ట్రేషన్. వేరే ఎన్జీఓ అక్కర్లేదు. మీ మండల సమాఖ్య 1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కింద ఇప్పటికే రిజిస్టరై ఉంటుంది, బ్యాంకు ఖాతా, ఆడిట్ ఉంటాయి, దాని పేరు మీదే అడగండి. దరఖాస్తుకు మూడు కాగితాలు జతచేయండి. పల్లె దవాఖాన ఏఎన్ఎం దగ్గర పరీక్షల మొత్తం సంఖ్యలు తీసుకోండి, మనుషుల పేర్లు వద్దు. గ్రామసభ తీర్మానం పెట్టండి. ఒక కంచానికి పప్పు ఎన్ని గ్రాములు, జొన్న ఎన్ని గ్రాములు, ఎంత ఖర్చు అన్నది రాసిన ఒక పేజీ ఉండాలి. మార్చి దగ్గరపడితే పాత పద్దులు ముగించే హడావుడిలో ఎవరూ చూడరు, కాబట్టి దసరా, దీపావళి మధ్యలోనే కలెక్టర్ గారి ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కంచం లెక్క పేజీ ఇక్కడ పెడితే నేను చూసి, గ్రాములు, రేట్లు సరిచేసి ఇస్తాను.